ఆయనే అడుగుతారని

మేం వలస వచ్చిన ఈ దేశంలో, న్యూ లిన్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఉండే ఫుమియే జపాన్ నుంచి వచ్చిన నర్సు. పదకొండేళ్లుగా కిడ్నీ వార్డులో పనిచేస్తోంది. నిన్న మా వంటింట్లో కూర్చుని, టీ ముట్టుకోకుండా ఈ సంగతి చెప్పింది.

వార్డులో మన తెలుగావిడ రమామణి గారికి డయాలసిస్ చేస్తుండేవారు. సోమవారం ఎవరూ లేనప్పుడు ఆవిడ ఫుమియే చెయ్యి పట్టుకుని, "ఇంక చాలమ్మా. నన్నింటికి పంపించెయ్యండి. మా ఆయనకి చెప్పలేను," అన్నారు. కాసేపటికి డాక్టరు వచ్చి డయాలసిస్ కొనసాగించాలా అని అడిగితే భర్త వీరభద్రం గారు, "కంటిన్యూ చేయండి డాక్టర్, మా ఇద్దరిదీ ఒకటే మాట," అన్నారు. ఆవిడ తలూపారు.

"నువ్వప్పుడే చెప్పాల్సింది కదా?" అన్నాను.

"ఇక్కడి నర్సులైతే చెప్పేవాళ్లే. కానీ అందరి ముందూ కాదంటే ఆయన తలెక్కడ పెట్టుకుంటారు? నేను నేర్చుకున్న పద్ధతిలో ముందు ఇంటివాళ్లని మెత్తబరచాలి. ఆ మాట చివరికి ఆయన నోటే రావాలి."

మూడు రోజులు ఆయన పక్కన కూర్చుంది. "ఆవిడ బాగా అలిసిపోయారు కదా?" అని మెల్లగా కదిపి చూసింది. "మా ఆవిడ గట్టి మనిషమ్మా, మీరు బెంగపడకండి," అని ఆయన ఫుమియేకే ధైర్యం చెప్పారు.

గురువారం మెషీన్ మీద ఉండగానే రమామణి గారు పోయారు.

ఆవిడ బట్టల సంచి అందుకుంటూ ఆయన అడిగారు: "మీతో ఏమైనా అందా?"

"ఇంటికి వెళ్లాలన్నారు."

"మరి నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

"మీరే ఆవిడని అడుగుతారని చూశాను."

ఆయన సంచి ఒళ్లో పెట్టుకుని కూలబడిపోయారట.

"ఎవరి తలా వంగకూడదనుకున్నాను," అంది ఫుమియే. నా వైపు చూడలేదు.