సోమవారం బాటిల్

మా తమ్ముడు వరసగా ఆరు సోమవారాలు సెలైన్ బాటిల్ ఎక్కించుకున్నాడు. జ్వరం లేదు, విరేచనాలు లేవు. అడిగితే నీరసం అంటాడు. ఏడో సోమవారం నేనూ వెంట వెళ్లాను. జాలితో కాదు. ఆ నీళ్లలో ఏముందో చూద్దామని.

వాడు నలభై ఏళ్లు కొబ్బరికాయలు ఒలిచినవాడు. నేలలో పాతిన ఇనప మొన మీద కాయ గుచ్చి రెండు తిప్పులు తిప్పితే పీచు డొక్క ఊడి వచ్చేది. మోకాళ్లు పోయాక పని మానేశాడు. ఆ తర్వాత మాటలు తగ్గాయి, తిండి తగ్గింది. గోడవైపు తిరిగి పడుకోవడం ఎక్కువైంది.

"పన్లేక పడుకుంటే నీరసమంటారా వదినగారూ, బద్ధకమంటారా?" అనేది మా మరదలు. నేనూ బద్ధకమనే అన్నాను. ఆమె కంటే నాలుగు ఎక్కువే అన్నాను.

ఊళ్లో వైద్యం చేసే ఆరెంపీ గారి వరండాలో మూడు మంచాలు. మూడింటి మీదా అరవై దాటినవాళ్లే. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఎనిమిదో ఏట. అప్పట్నుంచీ కనపడ్డదల్లా చదువుతాను. బాటిల్ మీద అంతా ఇంగ్లీషే. ఆయన్నే అడిగాను.

"ఇందులో ఏముందండీ?"

"ఉప్పూ నీళ్లూ అండి మామ్మగారూ."

"ఆ మాత్రం నేను గంజిలో వేసి ఇస్తాను కదండీ?"

"ఇస్తారండి. తాగొద్దూ!"

అవతలి మంచం మీద పెద్దాయన తొందరపడుతున్నాడు. "కాస్త స్పీడు పెంచండి బాబూ, గేదెకి గడ్డెయ్యాలి." మా వాడు మాత్రం, "నాకు మెల్లిగా ఎక్కించండి. ఇంకా మెల్లిగా," అన్నాడు. అది నాకు వింతగా తోచింది. చేతిలో సూది పెట్టుకుని ఎవరైనా ఆలస్యం కోరుకుంటారా?

"ఏరా, ఎందుకు మెల్లిగా?"

"ఇక్కడైతే పడుకున్నా ఎవరూ ఏమనరక్కా."

అన్నవాళ్లలో నేనే మొదటిదాన్ని. బాటిల్ ఉంటే రోగి, లేకపోతే సోమరి. రెండు గంటల మంచం కోసం వాడు వారం వారం చెయ్యి పొడిపించుకుంటున్నాడన్నమాట.

నాకు చుట్టుతిప్పి మాట్లాడ్డం రాదు. "చచ్చిపోవాలనిపిస్తందేంట్రా?" అన్నాను.

ఆరెంపీ గారు కంగారు పడ్డారు. "అలా అడక్కూడదండి మామ్మగారూ!"

"అడక్కపోతే ఎలా తెలుస్తాదండి?"

మా వాడు పైకప్పు చూస్తూ, "రోజూ అనిపిస్తంది," అన్నాడు.

మూడో మంచం మీద ఒకావిడ ఉంది. ఎవరూ అడగకుండానే, "నాకూనండి," అంది.

ఆ పెద్దాయన ఇక గేదె ఊసు ఎత్తలేదు. ఆరెంపీ గారు తల దించుకుని, "అమలాపురం పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు గారు చూస్తారండి. ఇద్దరూ వెళ్లండి," అన్నారు. ఆవిడ "ఆయ్, అలాగేనండి" అంది. ఆవిడది ఏ ఊరో అడగలేదు నేను. అన్నీ అడిగేదాన్ని, అదొక్కటీ మర్చిపోయాను. తర్వాతి సోమవారం వెళ్లి చూస్తే ఆవిడ రాలేదు.

అమలాపురంలో డాక్టరమ్మ గారు మొదట అడిగింది నేనడిగిన ప్రశ్నే. కాకపోతే మెత్తగా అడిగారు. అన్నీ విని మాత్రలు రాశారు.

"బాటిల్ పెట్టరాండి?" అన్నాడు మా వాడు.

"అక్కర్లేదండి. మాత్రలు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా మిమ్మల్ని ఒంటరిగా వదలకూడదు."

వాడి మొహం వాడిపోయింది. ఆటోలో నా చెవిలో అడిగాడు: "బాటిల్ లేకుండా ఇంట్లో ఎలా పడుకోనక్కా?"

ఆ సాయంత్రమే వాడి మంచం వీధి అరుగు మీదకి లాగించాను. మరదల్ని కూర్చోబెట్టి చెప్పాను, ఇక ఆ బద్ధకం మాట అనొద్దని. నేను అన్నవాటికి వాడి ముందే లెంపలేసుకున్నాను. ఇద్దరం వంతులు వేసుకుని పక్కన కూర్చుంటున్నాం.

దారిన పోయేవాళ్లు ఊరుకుంటారా? "ఏమండీ, పగలే పడకేసేరు?" అంటారు.

"మనసు బాగోలేదు వాడికి. మందులేసుకుంటన్నాడు," అనేదాన్ని. వాడు సిగ్గుతో దుప్పటి మొహం మీదకి లాక్కునేవాడు.

ఇలా మూడు వారాలు గడిచాయి. తిండి ఇంకా అంతంతమాత్రమే. నిన్న చేపలమ్మి ఆగి, "ఏం బాబయ్యా, ఒంట్లో బాగోలేదా?" అంది. నేను నోరు తెరిచేలోపే దుప్పటి పక్కకి జరిగింది.

"ఒళ్లు బాగానే ఉందమ్మా. మనసే బాగోలేదు," అన్నాడు వాడు.