డ్రైవ్‌వే మీద అత్తగారు

మా ఇంటి స్నో డే గురించి మా ఆయన చెప్పే కథ వేరు, జరిగింది వేరు. టెక్సస్‌లో మా ఊరు కాపెల్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్లినా, చేతులు కడుక్కునేసరికి ఆయన మొదలుపెడతారు. "స్కూల్ లేదు, ఆఫీస్ లేదు. అమ్మ జన్మలో మొదటిసారి స్నో చూసింది. చిన్నపిల్లలా బయటికెళ్లి మైమరచి నిలబడిపోయింది. మా ఆవిడేమో ఉప్పు జల్లుతూ మా అందర్నీ తిట్టింది." వినేవాళ్లు నవ్వుతారు. తిట్టానన్నది నిజమే. మైమరచి నిలబడిందన్నదే పచ్చి అబద్ధం.

అప్పటికి మా అత్తగారికి తుంటి ఆపరేషన్ అయి పదకొండు వారాలు. "ఏమైనా చెయ్యనివ్వండి, పడనివ్వకండి" అన్నాడు సర్జన్. మళ్లీ పడితే లేచి నడవడం కష్టమని ఆవిడ ఎదురుగానే చెప్పాడు. ఆ ముక్క ఆవిడకి నేను రోజూ గుర్తుచేసేదాన్ని.

ఆ రోజు తెల్లవారుజామున సన్నటి వాన పడుతూనే గడ్డకట్టింది. దాని మీద స్నో కురిసింది. స్కూల్ లేదని మెసేజ్ రాగానే మా ఆయన లాప్‌టాప్ మూసి పెసరట్లు వెయ్యమన్నారు. వేశాను. తొమ్మిదింటి దాకా నిజంగానే బాగుంది, కాదనను. తర్వాత తండ్రీ, పదమూడేళ్ల కూతురూ నా బేకింగ్ ట్రేలు పట్టుకుపోయి, గరాజ్ నుంచి రోడ్డుకి దిగే డ్రైవ్‌వే వాలులో జారుడుబండ ఆడారు. ఆడి ఆడి పైనున్న స్నో అంతా ఊడ్చేశారు. అడుగున ఐసు మిగిలింది. చూస్తే తడిసిన సిమెంటులాగే ఉంది.

"అత్తయ్యగారూ, ఇవాళ మీరు గుమ్మం దాటొద్దు" అన్నాను.

"నేనేమన్నా ఖైదీనా అమ్మాయ్?"

"పడితే?"

"పడేది నేను కదా, నీకేంటి నొప్పి?"

"మంచాన పడితే చూడాల్సింది నేను కదండీ."

ఆవిడ టీవీ వైపు తిరిగింది. నేను స్టవ్ వైపు తిరిగాను.

తర్వాతి సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ట్రేలు లోపల పెట్టడానికి వచ్చిన మనవరాల్ని ఆవిడ అడిగిందట, "బయట ఇంకా మంచు ఉందా తల్లీ?" అని.

"డ్రైవ్‌వే మీద లేదు నానమ్మా. మంచు ఆల్ గాన్."

దాని లెక్కలో అది నిజం. మా పిల్లకి మంచంటే స్నో, ఐసంటే ఐసు. ఆవిడకి గడ్డ కట్టిందీ మంచే, గాల్లో కమ్మిందీ మంచే, పొద్దున్నే గడ్డి మీద కనబడేదీ మంచే. మంచు లేదంటే ఏదీ లేదనే. అందుకు పిల్లని తప్పుపట్టడానికి వీల్లేదు. దానికి తెలుగు నేర్పింది మేమే.

గిన్నెలు కడుగుతూ సింకు పైనున్న కిటికీలోంచి చూశాను. వాలు మధ్యలో, సాక్సుల మీద హవాయి చెప్పులేసుకుని, చేతికర్ర రెండు చేతులతో పట్టుకుని ఆవిడ. కదలడం లేదు. గరాజ్ తలుపు తెరిచే ఉంది.

"ఏమండీ, అత్తయ్యగారు" అన్నాను. ఆయన ఒక్క ఉదుటున పరిగెత్తారు. పరిగెత్తొద్దని నేను అంటూండగానే పడ్డారు. పడి, వెల్లకిలా జారుతూ తల్లి పక్కనుంచే మెయిల్‌బాక్స్ దాకా పోయారు. మూరెడు ఇటు వచ్చుంటే ఆవిడ కాళ్లు తన్నేసేవారు. ఈ భాగం ఆయన కథలో ఎప్పుడూ రాదు.

"వీడు చిన్నప్పుడూ ఇంతే" అంది ఆవిడ, తల తిప్పకుండా. గొంతు మామూలుగానే ఉంది. చూపు మాత్రం కర్ర చివర మీంచి తియ్యలేదు.

పచ్చళ్లకని తెచ్చిన రాళ్లుప్పు రెండు ప్యాకెట్లు పట్టుకుని లాన్ మీదుగా వెళ్లాను. అక్కడ స్నోలో కాలు దిగుతుంది కాబట్టి జారదు. లాన్ అంచు నుంచి ఆవిడ దాకా ఆరడుగులు. గుప్పెళ్లతో జల్లాను. ఉప్పు పడగానే ఐసు కరిగిపోతుందనుకునేవాళ్లు ఒకసారి జల్లి చూడాలి. చిటపటమంటుంది, అంతే. ఎదురుచూడాలి.

"కదలకండి."

"కదిలితే కదా."

"అమ్మా, డోంట్ యెల్" అంది మా అమ్మాయి గరాజ్‌లోంచి.

"తువ్వాళ్లు తీసుకురా. నోరు తర్వాత." ఆయన లేవబోతుంటే ఆయన్నీ తిట్టాను, అక్కడే కూర్చోమని. నోరు ఆగితే చేతులూ ఆగిపోతాయని నాకు తెలుసు.

ఉప్పు మీద తువ్వాళ్లు పరిచాను. ఆవిడ నా భుజం పట్టుకుంది. ఒక్కో అడుగూ వేసి, నిలబడి, మళ్లీ వేసి, లాన్ మీదికి వచ్చింది. పడలేదు.

లోపల సాక్సులు తీస్తే చీలమండల దాకా తడి. వేళ్లు నొక్కితే తెలియడం లేదంది. గోరువెచ్చటి నీళ్లలో పాదాలు పెట్టించి, మంచు లేదని నానమ్మకి ఎప్పుడు చెప్పావని పిల్లని అడిగాను.

"లైక్, నువ్వు నానమ్మని చూడ్డానికి ట్వెంటీ మినిట్స్ బిఫోర్? వెంటనే చెప్పులు వేసుకుంటా అంది."

ఇరవై నిమిషాలు. నేను కిటికీకి ఇవతల, పది అడుగుల దూరంలో, గిన్నెలు తోముతున్నాను. మా ఆయన హాల్లో ఉన్నారు. గట్టిగా దగ్గినా వినిపించేది.

"ఎందుకు పిలవలేదండీ?" అన్నాను.

"కాఫీ పెట్టు" అంది.

వేసవిలో ఇంకోసారి అడిగాను. "ఇంకా అదేనా" అని లేచి వెళ్లిపోయింది, కర్ర లేకుండా, చక్కగా నడుచుకుంటూ. మా ఆయన్నడిగితే అమ్మ స్నో చూస్తోందంటారు. చూడటానికి డ్రైవ్‌వే మీద స్నో ఎక్కడుందండీ? నాకు కావలసిన జవాబు ఆయన దగ్గర లేదు, ఆవిడ దగ్గరే ఉంది. కాలు కదిపితే పడిపోతానని తెలిసి కూడా, అత్తయ్యగారూ, నన్నెందుకు పిలవలేదు?