ఎవరి చేత పంపిండు?

నిన్న మధ్యాహ్నం మా చిన్నదాని నుదుటి మీద నా భార్య శాంత తడిగుడ్డ వేసింది. నీళ్లు పిండిన నూలుగుడ్డకు ఒక వాసన ఉంటుంది. కొత్త కుండలో మంచినీళ్లు పోసినప్పుడు వచ్చేదానికి కాస్త దగ్గరగా ఉంటుంది. అది ముక్కుకు తగలగానే, పిల్ల జ్వరం సంగతి అటుంచి, నేను వరంగల్ కాశిబుగ్గలోని సువార్తమ్మ పెద్దమ్మ ఇంటి ముందు నిలబడ్డాను. ఆమె పోయి నాలుగేళ్లయింది. అయినా మగ్గం చప్పుడు, దాన్ని మించిన ఆమె గొంతు, రెండూ వినిపించాయి.

పెద్దమ్మ అంటే మాకు రక్తసంబంధం ఏమీ లేదు. గోడకు గోడ ఆనుకున్న ఇల్లు. మా అమ్మ జిన్నింగు మిల్లుకు పనికి పోయేది కాబట్టి నా మధ్యాహ్నపు అన్నం ఆమె ఇంట్లోనే. మగ్గం గుంటలో కూర్చుంటే కొప్పు ఒక్కటే కనిపించేంత పొట్టి మనిషి. గొంతు మాత్రం అలాంటిలాంటిది కాదు. ఆమె చర్చిలో పాట ఎత్తుకుంటే, కూత అనుకొని వరంగల్ స్టేషన్‌లో రైలు కదిలేది. నేను చెప్పేవాటిలో సగం తగ్గించుకోవడం మావాళ్లకు అలవాటే, మీరూ తగ్గించుకోండి. నేను అబద్ధాలు చెప్పనండి. నేతవాళ్ల మధ్య పెరిగినవాణ్ణి, ఉన్న నూలుకు కాస్త రంగు అద్దుతాను, అంతే.

ఆమె ఇంట్లో కంచం ముందు ఎవరు కూర్చున్నా ఆ రోజు అందిన ఒక్క మేలు పేరు చెప్పి దేవునికి స్తోత్రం చెప్పాలి. 'అన్నిటికీ స్తోత్రం' అని తప్పించుకుంటామంటే కుదరదు. "అన్నిటికి అంటె ఒక్కటి గుడ యాదికి లేనట్టే" అనేది. చెప్పాక ఒక ప్రశ్న వేసేది. ఊరి నుంచి సద్దిడబ్బానో బియ్యం మూటనో వస్తే మనమంతా అడిగే ప్రశ్నే అది. "దేవుడిచ్చిండు, సరే. ఎవరి చేత పంపిండు?"

ఒకరోజు నేను మామిడికాయకు స్తోత్రం చెప్పాను.

"ఎవరి చేత పంపిండు?"

"కాకి చేత, పెద్దమ్మా. బైబిల్ల ఏలీయాకు రొట్టె తెచ్చినట్టు ముక్కుతోని వట్టుకొచ్చి నా ముంగటేసింది."

"ఉప్పు కారం గుడ కాకే అద్దిందారా?"

నా మూతి నిండా ఎర్రగా కారం ఉంది. ఎదురింటి చాంద్‌బీ ఖాలా కోసి ఇచ్చిన కాయ అని ఒప్పుకోక తప్పలేదు. "పో, ముందుగాల ఖాలాకు చెప్పిరా. అన్నం ఏడికి వోదు" అని తరిమింది. వెళ్లి చెప్పాను. ఖాలా మురిసిపోయి ఇంకో రెండు ముక్కలు పెట్టింది. కృతజ్ఞతలో ఇంత లాభం ఉందని ఏ సండే స్కూల్లోనూ నాకు చెప్పలేదు.

పెళ్లయిన ఏడాదికి నాకు టైఫాయిడ్ పట్టుకుంది. తొర్రూరు వైపు దుకాణాలకు విత్తనాల సంచులు అందించి వచ్చే ఉద్యోగం నాది. వానలో తిరిగి తిరిగి మూడు వారాలు మంచమెక్కాను. లేచేసరికి కోత పండుగ వచ్చింది. ఆ ఆదివారం మా చర్చిలో గుమ్మడికాయలూ, వరికంకులూ, కాళ్లు కట్టిన కోళ్లూ తెచ్చి ముందు పెడతారు. తమకు జరిగిన మేలును లేచి సాక్ష్యంగా చెబుతారు. నేను లేచానంటే జంపఖానాల మీద కూర్చున్నవాళ్లంతా సర్దుకొని కూర్చునేవారు. ఆ రోజూ లేచాను.

"ఒళ్లు పెనం లెక్క కాలుతాంది. నా దుప్పటి మీద రొట్టెలు కాల్చుకోవచ్చు. గప్పుడు తెల్లబట్టల మనిషి ఒకాయన వచ్చి, మంచు లెక్క సల్లటి చెయ్యి నా నుదురు మీద వెట్టిండు. అంతే! జ్వరం తోక ముడుచుకొని చౌరస్తా దాటేదాక ఎనుకకు సూడకుంట ఉరికింది!"

హల్లెలూయలకు కోళ్లు బెదిరిపోయాయి. అప్పుడు వెనక నుంచి పెద్దమ్మ అడిగింది. "ఎవరి చేత పంపిండు బిడ్డా?"

"దూత చేత పెద్దమ్మా! చెప్తి గద!"

అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. ఆడవాళ్ల వరుసలో కూర్చున్న శాంత కూడా నవ్వలేదు.

ఇంటికి వెళ్లేసరికి శాంత సంచి సర్దుకొని గడపలో నిలబడి ఉంది.

"మా అవ్వగారింటికి పోతాన."

"ఎన్ని దినాలకొస్తవ్?"

"నీ తెల్లబట్టలాయన ఉన్నడు గద. ఆయన్నే అడుగు. వండి గుడ వెడ్తడు."

రఘునాథపల్లి బస్సెక్కి వెళ్లిపోయింది. మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. నేను చేసిన తప్పేమిటో నిజంగా నాకు తెలియలేదు. ఇక ఆమె తిరిగి రాదేమోనన్న భయం మాత్రం తెలిసింది.

నాలుగో రోజు పొద్దున పెద్దమ్మ నా రెక్క పట్టుకొని మా పెరట్లోకే లాక్కెళ్లింది. దండెం మీద తెల్లటి గుడ్డపేలికలు ఆరేసి ఉన్నాయి. ఒక పేలికకు గోధుమకంకుల అంచు ఉంది.

"గీ అంచు గుర్తువట్టినవా?"

గుర్తుపట్టాను. మా పెళ్లికి పెద్దమ్మ తన చేత్తో నేసి ఇచ్చిన చీర. శాంత దాన్ని కట్టుకొనే చర్చిలో నా పక్కన నిలబడింది.

"మీ ఇంట్లున్నయన్ని పాలిస్టరే. నీళ్లు వట్టవు. ముసురుకు ఉన్న నాలుగు గుడ్డలు ఆరకపాయె. నీ పెండ్లాం నా ముంగటనే గీ చీరను పర్రున చింపింది. అయ్యో అంటి. 'చీరదేమున్నది పెద్దమ్మా, మనిషి దక్కితె సాలు' అన్నది. నువ్వు తెల్లబట్ట సూసింది నిజమే బిడ్డా. కట్టుకున్న మనిషినే సూడలే."

అద్దడానికి నా దగ్గర ఒక్క రంగూ మిగలలేదు. ఆమె పేలికలు మడిచి నా చేతిలో పెట్టింది. "దేవునికి ముట్టాల్సిన స్తోత్రం ముట్టింది, ఆయనకేం ఫికర్ లేదు. తెచ్చిచ్చిన పిల్లకే ముట్టలే. జర జల్ది పో, బస్సున్నది."

రఘునాథపల్లిలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు, అదే పెద్ద శిక్ష. కంచాలు పెట్టాక మామ, "ప్రార్థన చెయ్యి బిడ్డా" అన్నాడు. నేను పేలికల మూట విప్పి కంచం పక్కన పెట్టాను.

"ప్రభువా, నాకు జ్వరమొస్తె నువ్వు శాంతను పంపినవ్. పెండ్లి చీర చింపి నా నుదుటి మీద వేసింది. నేను సూసుకోలే. నీకు స్తోత్రం. శాంతా, నీకు గుడ..."

పేలికలు ఆమె వైపు జరిపాను. నా జీవితంలో అంత చిన్న కథ నేనెప్పుడూ చెప్పలేదు. శాంత నా కంచంలో ఒక గరిటె పప్పు వేసింది.

"మరి తోక సంగతి చెప్పకపోతివి?"

"ఏం తోక?"

"జ్వరం తోక ముడుచుకొని ఉరికిందంటివి గద. ఆ తోకవట్టి గుంజి బయట పారేసింది నేనని చెప్పు!"

మామకు నవ్వుతో పొలమారింది. మర్నాడు ఇద్దరం ఒకే సీట్లో వరంగల్ వచ్చాం. ఆదివారం చర్చిలో మళ్లీ లేచి, తోకతో సహా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వెనక నుంచి ఈసారి ప్రశ్న రాలేదు.

పెద్దమ్మ భూస్థాపన రోజు పాస్టరుగారు, "దేవుడు ఈ సంఘానికి ఎన్నెన్నో మేలులు చేశాడు" అన్నారు. వెనక వరుసలో ఉన్న నా నోట్లోంచి నాకు తెలియకుండానే ఊడిపడింది. "ఎవరి చేత పంపిండు?" అందరి తలలూ పెట్టెలో ఉన్న ఆ పొట్టి మనిషి వైపు తిరిగాయి. కొందరు నవ్వారు, కొందరు ఏడ్చారు, చాలామంది రెండూ చేశారు.

నేను మారిపోయానని అనుకోకండి. కథలకు రంగు ఇప్పటికీ అద్దుతాను. కాని కంచం ముందు కూర్చుంటే ఆ ప్రశ్న వచ్చి పక్కన కూర్చుంటుంది. ముందు శాంత చేతుల వైపు చూశాకే ముద్ద ఎత్తుతాను.

నిన్న సాయంత్రం పిల్లకు జ్వరం దిగింది. లేచి చారన్నం అడిగింది. నా రక్తమే కదా, ముద్ద మింగకముందే మొదలుపెట్టింది.

"డాడీ, నాకు తెల్ల ఏనుగు కనవడ్డది! తొండంతోని నా నెత్తి మీద సల్లటి నీళ్లు కొట్టింది!"

"ఎవరి చేత పంపిండు బిడ్డా?"

అది పక్కన కూర్చున్న శాంత చెయ్యి లాగి చూసింది. మధ్యాహ్నం నుంచి నీళ్లలో నాని వేళ్లన్నీ ముడతలు పడి ఉన్నాయి.

"గిదే డాడీ," అంది, "తొండం."