జవాబులు మాత్రమే తినే చెదలు

జ్ఞానేశ్వర్‌కు ఒకే ఒక్క పిచ్చి. లెక్కల పుస్తకం అన్నది వయసులో తనకంటే పెద్దదై ఉండాలి. తన తర్వాత పుట్టిన పుస్తకాన్ని ఆయన లెక్కలోకే తీసుకోడు. ఎవరైనా కొత్త పుస్తకం చేతిలో పెడితే నడుమకు తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీలుస్తాడు. "వాసన లేదు" అని తిరిగి ఇచ్చేస్తాడు. అంతటితో ఆ పుస్తకం పని అయిపోయినట్టే.

సురంగల్‌లో ఆయనకు రోజా తోట ఉంది. పొద్దున్నే పూలు కట్టలు కట్టి పట్నం మార్కెట్‌కు పంపడం, ఆ వెంటనే బస్సెక్కి చేవెళ్ళ పాత కాగితాల దుకాణంలో తేలడం, ఇదీ ఆయన దినచర్య. అవి హైటెక్ సిటీ పుణ్యమా అని మొయినాబాద్ చుట్టూ భూముల ధరలకు రెక్కలొచ్చిన రోజులు. పక్క చేన్లవాళ్ళు కార్లు కొంటుంటే ఈయన గోనెసంచిలో అంకగణితాలు మోసుకొచ్చేవాడు.

"బియ్యం డబ్బ మూత తీస్తే బీజగణితం ఎల్తున్నది. నన్నేం వండమంటవ్?" అని భార్య సక్కుబాయి నిలదీసింది ఒకనాడు.

"రెండూ పొయ్యి మీద పెట్టు. ఏది ముందు ఉడికితే అది తింట" అన్నాడాయన, పేజీ లోంచి తల ఎత్తకుండానే.

ఇలాంటి మనిషి చేతిలో ఇద్దరు పిల్లలు పడ్డారు. ఒకడు ఆయన కొడుకు జితేందర్. పదో తరగతి లెక్కల్లో తప్పి, బడి ముఖం చూడనని భీష్మించుకున్నవాడు. రెండో మనిషి ఆయన చెల్లెలు అరుణమ్మ కూతురు శిరీష. పదిహేనేళ్ళది.

ఆ రోజుల్లో ప్రతి తల్లికీ పిల్లలు సాఫ్ట్‌వేర్ కావాలి. ఆలూరులో ఉండే అరుణమ్మకూ అదే కల. శిరీషను పట్నంలో హాస్టలున్న బడిలో వేసింది. అక్కడ జవాబు తప్పితే బెంచీ ఎక్కి నిలబడాలి. శిరీష తొమ్మిదో తరగతి సగానికి సగం బెంచీ మీదే చదివింది. కొన్నాళ్ళకు లెక్కల పుస్తకం తెరిస్తే చాలు, కడుపునొప్పి. దవాఖానలో చూపిస్తే ఏమీ లేదన్నారు. ఆ నొప్పి కూడా తెలివైనది, ఆదివారాలు సెలవు పెట్టేది.

"జర నా దగ్గర ఉండనియ్యి చెల్లె. ఇంట్లనే చెప్త. పదో తరగతి ప్రైవేటుగ రాస్తది" అన్నాడు జ్ఞానేశ్వర్.

"దీపావళి దాక చూస్త అన్న. లెక్కలు రాకుంటే మల్ల హాస్టలే. ట్రంకుపెట్టె సర్దే పెట్టిన" అంది అరుణమ్మ.

పూల షెడ్డులో చదువు మొదలైంది. ఆ పుస్తకాల్లో లోకమే వేరు. బియ్యం సేర్లలో, మణుగుల్లో తూగుతాయి. రైళ్ళు మైళ్ళు, ఫర్లాంగుల లెక్కన నడుస్తాయి. ఒక తొట్టికి రెండు గొట్టాలు నీళ్ళు నింపుతుంటే మూడోది ఖాళీ చేస్తూ ఉంటుంది.

"ఆ మూడోదాన్ని బంద్ చెయ్యొచ్చు గద బాపు" అన్నాడు జితేందర్.

"బంద్ చేస్తే లెక్కేడుంటదిరా? నీళ్ళు పోనియ్యి."

అన్నిటికంటే విచిత్రం ఇంకొకటి. ఏ పుస్తకం తీసినా చివర జవాబుల పేజీలు లేవు.

"చెదలు తిన్నయి బిడ్డ" అన్నాడు మామ.

"ఈ పుస్తకంల గూడనా మామా?"

"పాత పుస్తకాలు గద. చెదలు పట్టకుండ ఉంటయా?"

అట్ట తినలేదు, ముందుమాట తినలేదు, ఎక్కాల పట్టిక ముట్టలేదు. జవాబులు మాత్రం తినిపోయాయి. సురంగల్ చెదలకు అంత చదువు పిచ్చేమిటో శిరీషకు అంతుపట్టలేదు. చూడవచ్చిన తల్లికీ ఈ వింత చెప్పింది.

జవాబులు లేవు కనుక మామ ఒక పద్ధతి పెట్టాడు. ముగ్గురూ విడివిడిగా లెక్క చెయ్యాలి. ఏ ఇద్దరివి కలిస్తే అది జవాబు. కలవనివాళ్ళది ఎక్కడ తప్పిందో మిగతా ఇద్దరు వెతికి పెట్టాలి. చిత్రంగా, ఎప్పుడూ మామదే కలిసేది కాదు.

"మామా, బ్రాకెట్ తీసినప్పుడు మైనస్ మార్చలేదు నువ్వు."

"అగో, నిజమే. ఎట్ల మర్చిన్నో చూడు."

"మొన్న నేను గూడ గట్లనే మర్చిన" అంది శిరీష, ధైర్యం చెబుతున్నట్టు. ఆ రోజు నుంచి ఆమె బ్రాకెట్ దగ్గర తప్పలేదు. కడుపునొప్పి ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు.

దీపావళి దగ్గరపడింది. అరుణమ్మ చేవెళ్ళ ట్యూషన్ సారు దగ్గర్నుంచి ఒక ప్రశ్నపత్రం తెచ్చి కూతురితో రాయించి, దిద్దించుకొచ్చింది. అన్నిటికీ సున్నాలు. శిరీష ప్రతి లెక్కా చేసింది. కానీ అలవాటు కొద్దీ కిలోలన్నిటినీ మణుగులు చేసేసింది. రైలు వేగం గంటకు రెండు వందల తొంభై ఎనిమిది ఫర్లాంగుల చిల్లర అని రాసింది. సారు ఎర్ర సిరాతో 'ఈ పిల్ల ఏ కాలం నాటిది?' అని అడిగాడు.

అరుణమ్మ ఆ కాగితం పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. "నీ పాత పుస్తకాలు నువ్వే చదువుకో అన్న. సోమవారం దీన్ని హాస్టల్ల దింపుతున్న."

జ్ఞానేశ్వర్ చేతిలోని పుస్తకం మూసేశాడు. శిరీష ఆ కాగితం తీసుకుని, ఎప్పటిలాగే తప్పు ఎక్కడుందో వెతికింది.

"అమ్మా, చేసుడు తప్పు గాదు. కొలత మల్ల ఎనక్కి మార్చలేదు, అంతే. ఎనిమిది ఫర్లాంగులు ఒక మైలు. గిట్ల భాగిస్తే ముప్పై ఏడు మైళ్ళ చిల్లర. అంటే గంటకు అరవై కిలోమీటర్లు." ఒక్కొక్కటీ దిద్దుకుంటూ పోయింది. తప్పు చేసి కూడా ఏడవకుండా నిలబడ్డ కూతురిని అరుణమ్మ వింతగా చూసింది.

అయినా కోపం వెంటనే దిగదు కదా. ఊరికే ఉండలేక ఒక పూల కట్ట అందుకుని సర్దబోయింది. కట్టకు చుట్టిన కాగితం మీద అంకెలున్నాయి. ఇంకో కట్ట చూసింది. దాని మీద పైన 'జవాబులు' అని అచ్చయి ఉంది. షెడ్డులో ఉన్న రోజాలన్నీ జవాబులు కప్పుకుని పడుకున్నాయి. ప్రతి కాగితం అంచూ గీత గీసినట్టు కోసి ఉంది.

"అన్నా, మీ చెదలకు బ్లేడు ఎక్కడిది?"

జితేందర్ పూలబుట్ట వెనక్కి పోయి నవ్వాడు. జ్ఞానేశ్వర్ తల గోక్కున్నాడు.

"ఏం జెయ్యాలె చెల్లె? వచ్చిన కొత్తల పిల్ల లెక్క చేసుడు తక్కువ, ఎనక పేజీ చూసుడు ఎక్కువ. కలవకుంటే కొట్టేసుడు, కడుపు పట్టుకొని పండుడు. కొత్త పుస్తకం చింపితే పిల్లకు అనుమానమొస్తది. పాతదైతే చెదల మీదికి తోసెయ్యొచ్చు."

శిరీషకు అప్పుడు మైనస్ గుర్తొచ్చింది. ఆ తర్వాత మామ చేసిన తప్పులన్నీ వరసగా గుర్తొచ్చాయి. అన్నీ అంతకు ముందు తాను చేసినవే. మామ మీద ప్రేమ పొంగుకొచ్చి కళ్ళూ నిండాయి, నవ్వూ ఆగలేదు.

అరుణమ్మ ఆలూరు బస్సెక్కింది.

సోమవారం పొద్దున ట్రంకుపెట్టెతో సహా దిగింది. శిరీష మామ వెనక్కి జరిగింది. అరుణమ్మ పెట్టె షెడ్డు మధ్యలో పెట్టి మూత తీసింది. లోపల బట్టలు లేవు. కలరా ఉండలు, వాటి మధ్య ఒక కొత్త పదో తరగతి లెక్కల పుస్తకం.

"నీ పాత పుస్తకాలు ఇందుల పెట్టుకో అన్న. అసలు చెదలు పడితే ఆగమైతవ్. కిలోల లెక్కలు మాత్రం ఈ కొత్త దాంట్లకెల్లి చెప్పు."

జ్ఞానేశ్వర్ కొత్త పుస్తకం తిరగేశాడు. చివరి పేజీలు లేవు. అంచు కొంచెం వంకరగా ఉంది. పాపం, కొత్త చెయ్యి.

"జవాబులేవి చెల్లె?"

"చెదలు తిన్నయన్న" అంది అరుణమ్మ, ముఖం అటు తిప్పుకుని.

జ్ఞానేశ్వర్ పుస్తకాన్ని నడుమకు తెరిచి, ముక్కుకు ఆనించి పీల్చాడు. పిల్లలిద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు.

"ఇప్పుడైతే వాసన లేదు" అన్నాడు. "ముప్పై ఏండ్లు ఆగితే మంచి పుస్తకమే అయితది."