కత్తి పెద్దమ్మ పెంచిన చంటోడు

ఆ వీధిలో కత్తి పెద్దమ్మను ఎరగనివాళ్లు లేరు. మొగుడు పోయిన వారానికే మాంసం కొట్టు షట్టరు ఎత్తి, మొద్దు ముందు నిలబడ్డ మనిషి. "ఆడదానివి, నీకెందుకీ నెత్తుటి పని?" అని నీతులు చెప్పడానికి వచ్చిన పెద్దమనుషులే, పోతూ పోతూ "కాస్త మెత్తటి ముక్కలు వెయ్యి పెద్దమ్మా" అని సంచీ చాపేవారు. ఆమె చెయ్యి ఎంత కటువో, నోరు అంతకు రెండింతలు. అంత మనిషీ ఒక తోడేలు దగ్గర మాత్రం వెన్నలా కరిగిపోయేది.

గొర్రెల లారీవాడు తల్లి తోడేలును చంపి, కళ్లు తెరవని పిల్లను గోనెసంచిలో తెచ్చాడు. దాన్నీ గోడకేసి కొట్టబోతుంటే ఆమె లాక్కుంది. గుడ్డ తడిపి పాలు పట్టింది. చంటోడు అని పిలుచుకుంది.

"అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా? రేపు నిన్నే తింటుంది చూడు" అన్నాడు పక్క కొట్టు టైలరు.

"వీడు గడ్డంతోనే పుట్టాడు. నాకా బెంగ లేదులే" అంది.

మాంసం మధ్య పెరిగే తోడేలుకు అదుపు లేకపోతే కొట్టు మిగలదు. అందుకని ఆమె ఒక పద్ధతి నేర్పింది. ఎడమచేత్తో ముక్క వేలాడదీసి, కుడిచేత్తో కత్తిని మొద్దు మీద రెండుసార్లు కొడుతుంది. అంతవరకూ మూతి ముందు కార్జం పెట్టినా చంటోడు ముట్టడు. కొట్టాక ఆ ఎడమచేతిలో ఉన్నది వాడిది. ఈ వింత చూడటానికే కొందరు గిరాకీలు ఆగేవారు.

ఒకరోజు కూతురు కన్ను వాచి, పెదవి చిట్లి పుట్టింటికి వచ్చింది. పెద్దమ్మ నీళ్లు కాచి మొహం కడిగి, "ఇక వెళ్లొద్దు" అంది, అంతే. మర్నాడు పొద్దున్నే తల్లీకూతుళ్లు కొట్టులో ఉండగా అల్లుడు దిగాడు. వెల్డింగు పని వాడిది, తాగుడు వాడి రెండో పని.

"అడ్డు లే అత్తా. నా పెళ్లాన్ని నేను తీసుకెళ్తున్నా" అంటూ కూతురి రెక్క పట్టుకున్నాడు.

"ముందు దాని మీంచి చెయ్యి తియ్యండి అల్లుడుగారూ" అంది పెద్దమ్మ. అప్పటికీ మర్యాద తప్పలేదు.

వాడు ఎడమచేత్తో కూతురి జుట్టు పట్టి మొద్దు దాకా ఈడ్చాడు. కుడిచేత్తో కత్తి అందుకుని, "రాకపోతే ఇక్కడే నరుకుతా!" అంటూ మొద్దు మీద రెండు దెబ్బలు వేశాడు. పెద్దమ్మ అరవడానికి నోరు తెరిచేలోపే మూలనుంచి చంటోడు లేచి వచ్చాడు. ఆ ఎడమచేతిలో ముక్క లేదు. నోటికి అందింది చెయ్యే.

ఎముకలు నలిగిన చప్పుడైంది. అల్లుడు పెడబొబ్బలు పెడుతూ కత్తితో చంటోడి నడుం మీద వేటు వేశాడు. "వదులు!" అని ఆమె అరవగానే చంటోడు వదిలేశాడు. అంత నొప్పిలోనూ మాట విన్నాడు. రెండు వేళ్లు మాంసం ముక్కల్లో పడ్డాయి. అల్లుడు కత్తి పారేసి, నెత్తురు కారుతున్న చెయ్యి పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు.

కాసేపటికి తోడేలును చంపుతామంటూ అల్లుడి అన్న ఇనుప రాడ్లతో మనుషుల్ని వెంటేసుకొచ్చాడు. వీధి సగం ఆయన వెనకే నడిచింది. పెద్దమ్మ షట్టరు దించేసింది. రాడ్ల దెబ్బలకు రేకు లోపలికి సొట్టలు పడుతోంది. కిటికీ అద్దం పగిలి కూతురి కాళ్ల దగ్గర రాలింది. "తప్పు వాడిది కాదురా! నేను నేర్పిందే చేశాడు!" అని లోపల్నుంచి గొంతు చించుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"అమ్మా, వెనక తలుపు తీసి వదిలేద్దాం" అంది కూతురు ఏడుస్తూ.

"అక్కడా ఉన్నారే. వీడా లేవలేడు. వాళ్ల చేతికి దొరికితే... వాళ్లకి చంపడం రాదు. చచ్చేదాకా కొడుతూనే ఉంటారు."

ఆమె నేల మీద కూర్చుని చంటోడి తల ఒళ్లో పెట్టుకుంది. వాడు వెనక్కాళ్లు ఈడ్చుకుంటూనే దగ్గరికి జరిగి ఆమె మోచెయ్యి నాకాడు. మొగుడు పోయినప్పుడు పంటి బిగువున దుఃఖం మింగిన మనిషి, ఇప్పుడు పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "వెళ్లిరా నాన్నా" అని గడ్డం ఎత్తిపట్టి కత్తి దింపింది. ఒక్క వేటే. కాళ్లు కొట్టుకోవడం ఆగేదాకా గట్టిగా కావలించుకునే ఉంది. ఒళ్లంతా వేడి నెత్తురు.

తర్వాత లేచి షట్టరు ఎత్తింది. ఆమెను చూసి ముందు వరస నాలుగడుగులు వెనక్కి తగ్గింది. అల్లుడి అన్న మాత్రం లోపలికి తొంగి చూసి, ఊపిరి పీల్చుకుని, రాడ్డు భుజాన వేసుకున్నాడు.

"సరే, పీడ విరగడైంది. ఇక మా మరదల్ని పంపించండి అత్తయ్యా."

పెద్దమ్మ చేతిలో కత్తి ఇంకా అలాగే ఉంది.

"పాలు పట్టి పెంచినవాణ్ణి ఈ చేత్తోనే కోసి వస్తున్నా బాబూ" అంది. "మీరు నాకేమవుతారు?"

ఆయన తోడు కోసం వెనక్కి చూశాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే మలుపు తిరిగిపోతున్నారు.