ఓడలో పక్క సీటు

ఓడెక్కితే మనిషి కొత్తవాడైపోతాడని ప్రకటనలో రాశారు. మా నాన్న పాతవాడిగానే ఎక్కి పాతవాడిగానే దిగాడు.

మాది మాచర్ల. నాన్న చాలా ఏళ్లు నాపరాళ్ల లోడు లారీ తోలాడు. నిరుడు గుండెకు స్టెంటు వేశాక డాక్టరు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు, బాగా విశ్రాంతి తీసుకోమన్నాడు. మొదటిది నాన్న పాటించాడు. రెండోది ఆయనకు చేతకాదు. అరుగు మీద కూచుని, వీధిలో పోయే ప్రతి లారీకీ గేరు ఎప్పుడు మార్చాలో చెబుతుంటాడు. వాళ్లకు వినపడదు, మాకు వినపడుతుంది.

ఒకరోజు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఒరేయ్, ఈ మనిషి నా పక్కన ఊరికే పడుకోనుంటే ఒక్క పూట చూడాల్రా. పెళ్లైన కాణ్ణుంచి ఇంటికి రావటం చూశా, పోవటం చూశా. ఉండటం చూళ్లా."

అలా విశాఖ నుంచి మూడు రోజుల్లో చెన్నై చేరే విహార ఓడకు ముగ్గురికీ టికెట్లు బుక్ చేశాను.

ఓడలో సుఖానికి లోటేమీ లేదు. పై అంతస్తులో నీడపట్టున వరసగా పడక కుర్చీలు, వాటి మీద నీలం పరుపులు. సముద్రం మీది గాలి ఒంటికి తగులుతుంటే మా ఊరి మే నెల ఎవరో చెప్పిన అబద్ధంలా తోచింది. గదిలో తువ్వాలును ఏనుగు బొమ్మలా మడిచి మంచం మీద పెట్టారు. దాన్ని విప్పడానికి మనసొప్పక అమ్మ కొంగుతోనే మొహం తుడుచుకుంది. టీ అడిగినన్నిసార్లు ఇస్తారు. ఫోనుకు సిగ్నలుండదు కాబట్టి బంధువులు కూడా ఉండరు. అమ్మ ఒక కుర్చీలో కాళ్లు చాపుకుని, పక్క కుర్చీ మీద తన సంచి పెట్టింది, ఆర్టీసీ బస్సులో సీటుకు కర్చీఫ్ వేసినట్టు.

ఆ సీటుకు రావలసిన మనిషి రాలేదు.

లారీల్లో ఒక కట్టుబాటు ఉంది. బండి నడుస్తున్నంతసేపూ పక్క సీట్లో ఉన్నవాడు కన్ను మూయకూడదు. వాడి నిద్ర డ్రైవరుకు అంటుకుంటుంది. ఇంజను ఆగాకే ఎవరైనా పడుకోవడం. నాన్న ఓడలో కూడా ఆ సీటు వెతుక్కున్నాడు. ముందు వైపు ఎక్కడో ఒక కుర్చీ సంపాదించి, రెయిలింగు దగ్గర వేసుకుని, నీళ్లకేసి రోడ్డును చూసినట్టు చూస్తూ కూచున్నాడు.

"నాన్నా, ఈ ఓడ తోలేవాళ్లు ఎక్కడో పైన ఉన్నారు. నువ్వున్నట్టు కూడా వాళ్లకు తెలియదు."

"తెలవకపోతే ఏంది? ఒకడన్నా మేలుకోనుండాలిగా."

"ఇంతమంది ఉన్నారు కదా."

"ఉన్నారు. అందరూ పడుకున్నారు."

వెనక్కి తిరిగి చూశాను. మాట నిజమే.

అమ్మే వచ్చింది. "ఏమయ్యా, సముద్రంలో గేదెలు అడ్డమొస్తాయా? రా, కాసేపు నడుం వాల్చు."

"నువ్వు పడుకోవే. నేను చూస్తుంటాలే."

కసురుకోలేదు. చాలా ప్రేమగానే అన్నాడు. అదే ఇబ్బంది. కసురుకుని ఉంటే అమ్మ ఇంకో నాలుగు మాటలు అని లాక్కొచ్చేది. మెల్లగా వెనక్కి వెళ్లి కళ్లు మూసుకుని పడుకుంది. నిద్రపోలేదు. పక్క కుర్చీ ఖాళీయేనా అని అడిగిన వాళ్లందరికీ "మనిషొస్తాడు" అని చెబుతూనే ఉంది. ఓడలో ఉన్నన్నాళ్లూ అదే మాట చెప్పింది. రాత్రుళ్లు కూడా నాన్న ఆ రెయిలింగు వదల్లేదు.

చివరి రోజు పొద్దున ఓడ చెన్నై రేవులో ఆగింది. తాళ్లు కట్టారు. కాళ్ల కింద సన్నగా ఉన్న ఇంజను అదురు పోయింది. జనమంతా పెట్టెలతో మెట్ల వైపు కదిలారు. అప్పుడొచ్చాడు నాన్న. తాళ్లు గట్టిగా కట్టారో లేదో వంగి చూసి, అమ్మ సంచి తీసి కింద పెట్టి, ఆ పడక కుర్చీలో వాలాడు. వాలుతూనే గుర్రు పెట్టాడు. ఈ సంగతి నాకు ముందే తోచి ఉంటే ఓడకు కాదు, రేవుకే టికెట్లు కొనేవాణ్ణి.

అమ్మ ఆయన పక్క కుర్చీలో పడుకుంది. ఆకాశం చూడలేదు, సముద్రం చూడలేదు. ఆయన వైపు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుంది.

ఓడలో పనిచేసే అమ్మాయి వచ్చి, దిగాలని చేత్తో సైగ చేసింది.

"ఒక్క పది నిమిషాలమ్మా. ఇప్పుడే పడుకున్నాడు" అంది అమ్మ తెలుగులోనే.

ఆ పిల్లకు అర్థమైందో లేదో గాని నవ్వి వెళ్లింది. ఈలోగా పనివాళ్లు అటు చివరి నుంచి కుర్చీల మీది పరుపులు తీసి దొంతర పెట్టుకుంటూ వస్తున్నారు. ఒక్కో కుర్చీ బోడిదవుతోంది. అమ్మ వాళ్లనూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. వాళ్లు మా వరసలోకి రాగానే తనే లేచి, ఆయన భుజం తట్టింది.

"లెయ్యయ్యా. దిగమంటున్నారు."

నాన్న కళ్లు నులుముకున్నాడు. "అందరూ దిగారా? ఏమీ ఇబ్బంది లేకుండా చేరాం." తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "నువ్వన్నా ఈ మూడ్రోజులూ బాగా పడుకున్నావటే?"

"ఆఁ, పడుకున్నాలే" అంది అమ్మ.

నాన్న తృప్తిగా తలూపి, పెద్ద పెట్టె తానే తీసుకోబోయాడు. డాక్టరు మాట గుర్తు చేసి నేను లాక్కున్నాను. మా వెనక పనివాడు ఆ రెండు పరుపులూ ఎత్తి దొంతరలో వేశాడు.