మా రాతితొట్టిలో కొర్రమీను

నిన్న అంగట్లో గాజుతొట్టెలో మూరెడు చేపను చూసి నిలబడిపోయాను. అరవైల్లో అనంతపురంలో పెరిగినవాళ్లకు పెరట్లోని రాతితొట్టి గుర్తుందా? బుక్కరాయసముద్రం చెరువు ఎండిన ఏడు, నాయన బురదలో దొరికిన పెద్ద కొర్రమీనును మా తొట్టిలో వదిలాడు. ఎగిరిపడకుండా పైన గంప బోర్లించాడు. నేను వానపాములు వేసేదాన్ని. అది మాటిమాటికీ పైకొచ్చి గుటుక్కున గాలి మింగేది.

"నీళ్లలో ఉండేదానికి గాలెందుకు నాయనా?"

"నాకేం తెలుసమ్మా? దాన్నే అడుగు."

బావి అడుగంటింది. "మనకే నీళ్లు లేవు, దీన్ని కూర చేస్తా" అంటూ అమ్మ కత్తిపీటతో వచ్చి గంప తీసింది. చేప పైకొచ్చి గాలి మింగింది. అమ్మ వంగి చూసింది.

"ఇది గూడా మన మాదిరే ఊపిరి తీస్తాండాదే!"

ఆరోజు నుంచి బియ్యం కడిగిన నీళ్లు తొట్టికే. వానలు పడ్డాక అమ్మే దాన్ని తడిగోనెలో చుట్టి తీసుకుపోయి చెరువులో వదిలింది. మళ్లీ ఎక్కడ పైకొస్తుందోనని అమ్మా నేనూ గట్టు మీద చాలాసేపు చూస్తూ కూర్చున్నాం.